ఉద్రేకోన్మాదము: దాని లక్షణములను లోకము గుర్తించిన చరిత్ర

జ్వరము వచ్చినయెడల నుదుటిపై చేయి యుంచి తెలిసికొందుము. కామెర్లు కన్నులయందే కనబడును. మనస్సునకు వచ్చు జబ్బులలో విషాదమునైనను ఇంటివారు ఏదో యొక విధముగ పసిగట్టుదురు. మనిషి మూల కూర్చుండును, అన్నము ముట్టడు, పలుకరించిన కన్నీరు పెట్టుకొనును. కాని ఒకడు నవ్వుచు, పాడుచు, పదిమంది పని తానొక్కడే చేయుచు, కనబడినవారికెల్ల వరము లిచ్చుచు నున్నప్పుడు అది రోగమని ఎవరికి తోచును? వైద్యశాస్త్రమున ఈ స్థితికి మేనియా యని పేరు. తెలుగున ఉద్రేకోన్మాద మనవచ్చును. నేడు బైపోలార్ డిజార్డర్ అని వ్యవహరింపబడు వ్యాధికి ఇది యొక కొస; విషాదము రెండవ కొస.

ఈ రెండు కొసలును ఒకే త్రాటివని నిశ్చయముగ తెలిసికొనుటకు మానవజాతికి దాదాపు రెండువేల యేండ్లు పట్టినది. ఆ చరిత్రను, దానినుండి ఇంటివారు గ్రహింపదగిన దానిని ఈ సంచిక చదువరుల ముందుంచ దలచితిమి. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషన్ వఱకు చదివి, గుమాస్తాపనిలో జీవితమంతయు దస్తరముల నడుమ గడిపినవారము. అయినను ఈ చరిత్రయందు దస్తరమునకు గల స్థానమును చూచిన పిమ్మట, దీనినిగూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు గుమాస్తాకును కొంత యధికారము కలదని తోచినది.

మేనియా యనునది గ్రీకుమాట. విషాదమునకు గ్రీకులు మెలంకోలియా యని పేరిడిరి. దేహమున నల్లపైత్యము మిక్కుటమగుటచే అది కలుగునని వారి తలంపు. ఈ రెండును వేర్వేఱు జబ్బులని చాలమంది యెంచుచుండగా, క్రీస్తుశకము తొలి రెండు శతాబ్దుల కాలమువాడైన అరేటియస్ అను వైద్యుడు వానికి గల సంబంధమును కనిపెట్టెను. ఈతడు నేటి తుర్కీదేశములోని కప్పడోషియా ప్రాంతమువాడు. విషాదరోగులలో కొందఱు పిదప ఉద్రేకమున పడుచున్నారనియు, విషాదము ఉన్మాదమునకు నాంది వంటిదనియు ఆయన వ్రాసెను. ఉద్రేకమున నున్నవారు రాత్రింబవళ్లు నవ్వుదురనియు, ఆడుదురనియు, పందెము గెలిచిన వీరునివలె తలపై దండ ధరించి అంగడివీథికి పోవుదురనియు వర్ణించెను.

అరేటియస్ ఒక వడ్రంగి వృత్తాంతము చెప్పినాడు. ఆ వడ్రంగి తన పనిచోట నున్నంతసేపును ఎంతయో తెలివి గలవాడు. కొలతలు తీయును, చెక్కును, చిత్రిక పట్టును, బేరమాడి న్యాయమైన వెల పుచ్చుకొనును. ఆ చోటు విడిచి అంగడికో స్నానశాలకో బయలుదేరిన తోడనే నిట్టూర్పులు విడుచును, వణకును, మతి తప్పును. మరల పనిచోటికి వచ్చిన సరిపడును. ఈ వృత్తాంతము మేనియాకే చెందినదని మేము చెప్పజాలము. కాని ఇందొక గొప్ప సంగతి కలదు. ఆ వడ్రంగిని పనిచోట మాత్రమే చూచినవాడు ‘ఇతనికేమి జబ్బు?’ అనును, వీథిలో మాత్రమే చూచినవాడు ‘ఇతడు పని కేమి పనికివచ్చును?’ అనును. రెండు చోట్లను చూచినవానికే నిజము తెలియును. మనోవ్యాధి విషయమున ఒకనాటి చూపు మోసము చేయును. పలునాళ్ల చూపే నమ్మదగినది. తరువాతి చరిత్ర యంతయు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానము వంటిది.

మన దేశమున చరకసంహిత ఉన్మాదమును వాతము, పిత్తము, కఫము, సన్నిపాతము, ఆగంతువు అను కారణములనుబట్టి ఐదు విధములుగ విభజించినది. ఆ విభాగమునకును నేటి వైద్యుల విభాగమునకును పొత్తు కుదుర్చుట సరికాదు. అయినను ఉన్మాదమన నేమో చెప్పునప్పుడు చరకము చూపిన యెనిమిది స్థానములు గమనింపదగినవి. మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము: ఈ యెనిమిదియు తారుమారగుటయే ఉన్మాదమట. ఇచట భక్తి యనగా ఇష్టము, ఆసక్తి యని యర్థము. ఒకని శీలము తారుమారైనదని చెప్పవలెనన్న అతని పూర్వశీలము తెలిసియుండవలెను గదా! ఇంటివారి సాక్ష్యము లేక ఈ లక్షణమును నిర్ణయింప వీలులేదు.

అటుపిమ్మట చిరకాలము యూరపుఖండమున మేనియా యను మాట పిచ్చి యంతటికిని ఉమ్మడిపేరై యుండెను. రోగులను గొలుసులతో కట్టిన కాలమది. కట్టివేసినవానిని ఎవ్వరును పరిశీలింపరు. పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద వైద్యశాలలు ఏర్పడి, ఒకే వైద్యుడు ఒకే రోగిని ఏండ్ల తరబడి చూచుటకు అవకాశము కలిగిన తరువాతనే విషయము తేటపడినది. పారిస్ నగరమున సల్‌పేత్రియేర్ అను ఆసుపత్రిలో పనిచేసిన జాన్ పియేర్ ఫాల్రే, తన రోగులలో కొందఱు ఉద్రేకము, విషాదము, నడుమ కొంతకాలము స్వస్థత, మరల ఉద్రేకము, ఇట్లు చక్రమువలె తిరుగుచున్నారని కనిపెట్టి, 1851లో దానికి చక్రోన్మాద మను నర్థమిచ్చు పేరిడెను. 1854లో జూల్ బయ్యార్జే అను మఱియొక వైద్యుడు ఇంచుమించు ఇదే సంగతిని రెండురూపుల ఉన్మాదమను పేర వైద్యపరిషత్తు ముందు చదివెను. రెండు వారములకు ఫాల్రే లేచి ఈ సంగతి తాను ముందే చెప్పితిననెను. ఇరువురి నడుమ వివాదము రేగినది. వివాద మెట్లున్నను, రెండు జబ్బులు కావు, ఒక్కటే యను సత్యము నిలిచినది.

దానిని స్థిరపఱచినవాడు జర్మనీదేశపు ఎమిల్ క్రెపెలిన్. ఆయన 1856లో జన్మించి 1926లో గతించెను. ఈ మహనీయుని పద్ధతి గుమాస్తాలకు ప్రీతిపాత్రమైనది. హైడల్‌బర్గు వైద్యశాలలో ఆయన ప్రతి రోగికిని ఒక అట్టచీటీ ఏర్పఱచెను. రోగి యెప్పుడు చేరెను, ఏ లక్షణములతో చేరెను, ఎట్లు వెడలెను, మరల వచ్చెనా, వచ్చినయెడల ఏ స్థితిలో వచ్చెను, ఇవన్నియు అందు క్లుప్తముగ వ్రాయించెడివాడు. సెలవులకు పోవునప్పుడును ఆ చీటీలను వెంట గొనిపోయి, కుప్పలుగ పేర్చి, సరిపోల్చుచుండెడివాడట. నేడు రోగి యెట్లున్నా డను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, ఇన్నేండ్లలో అతని వ్యాధి ఏ త్రోవ నడచినదను ప్రశ్నను ముందుకు తెచ్చెను. ఉద్రేకము వచ్చిపోవును, విషాదము వచ్చిపోవును, నడుమ మనిషి మునుపటి మనిషియే యగును. ఇట్టివారినందఱిని ఒక్క త్రాట గ్రుచ్చి, 1899లో వెలువడిన తన గ్రంథపు ఆఱవ కూర్పున ఉద్రేకవిషాదోన్మాద మని నామకరణము చేసెను. 1957లో కార్ల్ లియోన్‌హార్ట్ అను జర్మనుడు ఒకే ధ్రువము గలవారిని, రెండు ధ్రువములు గలవారిని వేఱుచేసెను. 1980లో అమెరికా మనోవైద్యసంఘపు వర్గీకరణగ్రంథము మూడవ కూర్పున బైపోలార్ అను పేరు స్థిరపడినది.

ఇక లక్షణముల మాట. నేటి వైద్యులు అంగీకరించిన లక్షణములు ఏడు. వీనికన్న ముందు పీఠమువంటిది యొకటి కలదు: మనస్సు అకారణముగ పొంగిపోవుట గాని, లేక కారణము చాలని కోపముతో చిరచిరలాడుట గాని, దానితోపాటు వంటిలో శక్తి మిక్కుటమగుట. ఈ స్థితి ఇంచుమించు ప్రతిదినమును, దినములో అధికభాగమును, ఒక వారమైనను ఉండవలెను. ఆసుపత్రిలో చేర్పవలసినంత తీవ్రమైనప్పుడు వారము నిండవలసిన పని లేదు. ఈ పీఠముపై ఏడింటిలో మూడైనను కనబడిన అది మేనియా. పొంగు లేక కోపము మాత్రమే యున్నచో నాలుగు కనబడవలెను. అంత తీవ్రము గాక నాలుగు దినములైనను నిలిచెడి తేలికరూపమును హైపోమేనియా యందురు.

మొదటిది నిద్ర. నిద్ర పట్టక బాధపడువాడు వేఱు, నిద్ర యక్కఱలేనివాడు వేఱు. మొదటివాడు తెల్లవారుసరికి వాడిపోయి యుండును. మేనియాలో నున్నవాడు రెండు మూడు గంటలు మాత్రమే కన్నుమూసి, కోడికూయక మున్నే లేచి, నూతనోత్సాహముతో బీరువాలు సర్దుచుండును. ఇంటివారు తొలుత పట్టుకొనగల లక్షణము ఇదియే. రెండవది మాట. వేగము హెచ్చును, గొంతు పెరుగును, ఎదుటివానికి సందీయడు, ఆపినను ఆగడు. మూడవది తలపుల పరుగు. ఒక తలపు ముగియకమునుపే మఱియొకటి తోసికొనివచ్చును. ఒక్కొక్కప్పుడు అర్థసంబంధము విడిచి ధ్వనిసామ్యము పట్టుకొని పోవును. ‘పాలు’ అని మొదలిడి ‘పాలన’కును, అందుండి ‘పాలకొల్లు’నకును దాటును. నాలుగవది నిలకడ లేమి. వీథిలో సైకిలుగంట మ్రోగినను, గోడపై బల్లి కదలినను మనస్సు అటు పోవును.

ఐదవది గొప్పతనపు భావము. తన్ను మించినవాడు లేడనుకొనును. మంత్రులకు ఉత్తరములు వ్రాయును. దైవము తనకొక ప్రత్యేకకార్యము నప్పగించినదనును. ఆఱవది పనుల వెల్లువ. ఒకేసారి నాలుగు వ్యాపారములు, మూడు గ్రంథములు, ఒక గుడి మొదలిడును. ఏ యొక్కటియు ముగియదు. కొందఱు పనిలేకయే ఇంటినుండి వీథికి, వీథినుండి ఇంటికి తిరుగుచుందురు. ఏడవది ముందువెనుకలు చూడని సాహసము. అప్పులు, దానములు, అక్కఱలేని సరకులు, అపరిచితులతో చనువు, వాహనమును మితిమీరిన వేగముతో నడపుట, ఇట్టివి. సంసారములు కూలునది సాధారణముగ ఈ యేడవదానివలననే.

ఇందు ఏ యొక్క లక్షణమును తనంతట తాను రోగము కాదు. పెండ్లియింట నిద్ర యుండదు, పరీక్షల ముందు విద్యార్థి రాత్రులు మేల్కొనును, భక్తుడు భజనలో మైమఱచును, మాటకారి మాటాడును. రోగమును పట్టి యిచ్చునది మార్పు. మితభాషి వాచాలుడగుట, పిసినారి దాతయగుట, నెమ్మదిగలవాడు తగవులమారి యగుట, అదియు అన్ని మార్పులును ఒకేసారి వచ్చుట, ఇది గుఱుతు. గళగ్రంథి యతిగ పనిచేయుట, మద్యము, కొన్ని మత్తుపదార్థములు, స్టెరాయిడ్ మందులు కూడ ఇట్టి రూపమును కలిగింపవచ్చును గావున వైద్యుని పరీక్ష తప్పదు. విషాదమునకు ఇచ్చిన మందు కొందఱిని ఉద్రేకమునకు త్రోసివేయుటయు కలదు. ఈ వ్యాధి గల స్త్రీలకు ప్రసవానంతరము తొలివారములు గడ్డుకాలము. బాలింతరాలు నిద్రలేక మితిమీరిన హుషారుతో నున్నచో ‘బిడ్డ పుట్టిన సంతోష’మని యుపేక్షింపక వెంటనే వైద్యునికి చూపవలెను.

మేము ఉద్యోగమున నున్న దినములలో మా యెఱుకలోని యొక కుటుంబమున జరిగిన సంగతి చెప్పెదము. ఊరును పేరును చెప్పము. ఆయన ఒక కార్యాలయమున గుమాస్తా. తల వంచి వచ్చి తల వంచి పోవువాడు. ఒక వేసవిలో తెల్లవాఱి ఏడుగంటలకే కార్యాలయమునకు వచ్చి, పాతదస్తరము లన్నియు తిరుగవ్రాయ మొదలిడెను. పదిమందికి కాఫీ త్రాగించుచుండెను. ‘ఉద్యోగి యన్న ఇట్లుండవలె’నని పై యధికారి మెచ్చుకొనెను. రాత్రులు ఇంట పద్యములు పాడుచుండెను, ఇరుగుపొరుగు ఆనందించిరి. మూడు వారములు తిరుగకమునుపే భార్య గాజులు తాకట్టుపడినవి. ఎన్నడును చూడని యూరిలో మూడు ఇండ్లస్థలములకు బయానా చెల్లినది. మెచ్చుకొన్న యధికారిపైననే చేయి లేచినది. సస్పెన్షన్ ఉత్తరువు వచ్చినది. రెండు నెలల పిమ్మట ఆయన మంచము దిగలేదు. అప్పుడుగాని వైద్యుని యొద్దకు తీసికొనిపోలేదు.

చికిత్సచే ఆయన కోలుకొని ఉద్యోగమున మరల చేరిన తరువాత, ఆ యిల్లాలు ఒక పని చేసెను. గోడకు కాలెండరు తగిలించి, భర్త నాలుగు గంటలకన్న తక్కువ నిద్రించిన ప్రతిరాత్రికిని ఆ తేదీచుట్టు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టుచుండెను. మూడేండ్లు సున్నలు అరుదు. నాలుగవ యేట ఒక మాసమున వరుసగ మూడు సున్నలు పడినవి. ‘నాకేమి? ఇంత హాయిగ నెన్నడును లే’ననెను ఆయన. ఆమె వాదింపలేదు. కాలెండరు చుట్టిపట్టుకొని, ఆయనను వెంటబెట్టుకొని వైద్యుని యొద్దకు పోయెను. మందు సవరింపబడినది. పదిదినముల సెలవుతో గండము గడచినది. ఆ గాజులు ఈసారి చేతులు విడువలేదు. ఆయన పింఛను పుచ్చుకొనువఱకు ఉద్యోగము చేసెను. ఆమె క్రెపెలిన్ పేరు వినియుండదు. కాని ఆమె చేసినది క్రెపెలిన్ చేసిన పనియే.

మందు అంటిమి గావున దాని చరిత్రయు కొంత చెప్పవలెను. ఆస్ట్రేలియాదేశపు జాన్ కేడ్ అను వైద్యుడు రెండవ ప్రపంచయుద్ధమున సింగపూరులోని చాంగీ చెఱలో మూడేండ్లకుపైగ ఖైదీగా నుండి, పిమ్మట మెల్‌బోర్న్ సమీపమున ఒక చిన్న వైద్యశాలలో పరిశోధనలు చేసెను. లిథియమ్ అను లవణమును గినీపందులపై ప్రయోగించి, అవి మందగించుట చూచి, పదిమంది ఉద్రేకరోగులకిచ్చి, ఫలితములను 1949 సెప్టెంబరులో ప్రకటించెను. ఐదేండ్లుగ ఉద్రేకమున నున్న తొలిరోగి కొన్ని నెలలలో ఇంటికి పోయి తన పాతపనిలో చేరెను. మందు మానగనే రోగము తిరుగబెట్టినది. 1950లో ఆ రోగియే లిథియమ్ విషమించి మరణించెను. మందు ఎంత మేలుచేయునో, కొలత తప్పిన ఎంత కీడుచేయునో ఆ యొక్క మనుష్యుని కథయందే కలదు. డెన్మార్కున మోగెన్స్ షౌ 1954లో శాస్త్రోక్తముగ పరీక్షించి దాని గుణమును నిరూపించెను. నేటికిని లిథియమ్ ఈ వ్యాధికి ముఖ్యమైన మందులలో నొకటి. దానిని వాడువారు నియమముగ రక్తపరీక్ష చేయించుకొనవలెను. మూత్రపిండములను, గళగ్రంథిని పరీక్షింపించుకొనవలెను. వాంతులు, విరేచనములు కలిగినను, ఎండదెబ్బ తగిలినను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఒంటినొప్పులకు స్వంతముగ మాత్రలు మ్రింగరాదు. తమంతట తాము మందు మానరాదు.

మన దేశమున మనోవైద్యశాలల చరిత్రయు ఈ మార్గముననే నడచినది. మద్రాసున 1794లోనే ఒక ఉన్మాదశాల వెలసినది. కీల్పాకము శాల 1871లో ప్రారంభమైనది. నిజాము రాజ్యమున ఉన్మాదశాల నేటి మహారాష్ట్రలోని జాల్నాయందుండి 1953లో హైదరాబాదు ఎఱ్ఱగడ్డకు తరలినది. 1912నాటి లూనసీ చట్టముక్రింద రోగిని శాలలో చేర్చుట చాలవఱకు న్యాయాధికారి ఉత్తరువుతో జరుగు వ్యవహారము. రోగి లోపలను, కుటుంబము గోడ వెలుపలను ఉండెడివి. 1950 దశకమున అమృతసరమున వైద్యుడు విద్యాసాగర్ రోగుల బంధువులను వారితోనే డేరాలలో ఉండనిచ్చెను. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు నెలకొల్పిన మనోవైద్యకేంద్రమును బంధువులను రోగితో నిలుపుకొను పద్ధతి నవలంబించెను. కుటుంబము చికిత్సలో భాగమగుట మన దేశపు మనోవైద్యమునకు వన్నెతెచ్చిన సంగతి. మా బెంగుళూరున మైసూరు ప్రభుత్వపు మానసిక వైద్యశాలతో జతగ 1954లో అఖిలభారత మానసికారోగ్యసంస్థ ఏర్పడి, 1974లో రెండును కలిసి నిమ్హాన్స్ అయినవి. రాయలసీమనుండి ఎందఱో రోగులు నేటికిని అచటికి వచ్చుచుందురు.

ఇచట స్థిరనివాసులమైన మనకు ఒక విశేషమైన బాధ్యత కలదు. బెంగుళూరు, హోసూరు, షోలాపూరు, బరంపురము లందు తరతరములుగ నున్న తెలుగువారు బయట ఒక భాష, ఇంట ఒక భాష మాటాడుదురు. వైద్యుడు కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో మాతృభాషగా గలవాడు కావచ్చును. రోగి తెలుగున గడగడ మాటాడుచున్నప్పుడు అది అతని సహజధోరణియా, రోగపు వేగమా యని ఆ వైద్యు డెట్లు చెప్పగలడు? రాగము తీసి పద్యము పాడుట నాటకములు మరగిన మనవారి అలవాటని ఆయనకు తెలియకపోవచ్చును. అలవాటును రోగమనుకొనవచ్చును, రోగమును అలవాటనుకొనవచ్చును. తర్జుమా చేయుటకు ఇంటివారు ప్రక్కన నిలువవలెను. తర్జుమా యనగా మాటలకు మాటలు చెప్పుట మాత్రమే కాదు. ‘ఈయన ఇట్టివాడు కాడు, పదిదినములనుండి ఇట్లున్నాడు’ అని చెప్పుటయే అసలైన తర్జుమా.

2017లో వచ్చిన మానసికారోగ్యసంరక్షణ చట్టము దీనికి మఱియొక సాధనమును కల్పించినది. రోగి స్వస్థుడై యున్న కాలమున, తనకు మరల జబ్బు చేసినచో ఎట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో ముందుగనే వ్రాసి యుంచవచ్చును. తన తరఫున నిర్ణయించు ప్రతినిధిని నియమించుకొనవచ్చును. ఉద్రేకమున నున్నవాడు తాను రోగినని అంగీకరింపడు. అది వ్యాధిలక్షణమేగాని మొండితనము కాదు. స్వస్థతలో తానే వ్రాసిన కాగితము అప్పుడు అతనికిని, ఇంటివారికిని దారి చూపును. కేంద్రప్రభుత్వము 2022లో టెలి మానస్ అను ఉచిత సలహా సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసిన తెలుగుతో సహా పలు భాషలలో సమాధానము లభించును. ప్రాణహాని భయమున్నచో ఫోనుతో కాలము పుచ్చక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

అందుచే ఈ వ్యాధి యొకసారి తలయెత్తిన యింట నొక నోటుపుస్తకము పెట్టుకొనవలెనని మా మనవి. తేదీ, నిద్రించిన గంటలు, మాటతీరు, ఖర్చు, కోపము, మందు వేసికొన్నదియు లేనిదియు, ఈ యాఱు గడులు చాలును. రోగికి తెలియకుండ వ్రాయరాదు. అతడు బాగుగ నున్నప్పుడు అతనితో సంప్రదించి, వీలైన అతనిచేతనే వ్రాయింపవలెను. నేరస్థుని కనిపెట్టినట్లు గాక, పంటచేనిని కనిపెట్టినట్లు కనిపెట్టవలెను. డబ్బు వ్యవహారములలో రెండవ సంతకము ఉండునట్లు ముందుగనే యేర్పాటు చేసికొనుట మంచిది. మూడు రాత్రులు నిద్ర తగ్గి హుషారు హెచ్చినచో, నాలుగవనాటి యుదయమున ఆ పుస్తకమును చేతబట్టుకొని వైద్యుని యొద్దకు బయలుదేరవలెను.